ఓర్విల్ లారీ

శవపేటికను ఆ లారీ మీదికి ఎక్కించడానికి వీల్లేదని డ్వేన్ నీమి చర్చి మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. లోపల ప్రార్థన ముగిసింది. బయట సన్నగా వాన. పెట్టెను మోస్తున్నవాళ్లు ముందుకూ వెనక్కూ పోలేక పై మెట్టు మీదే ఆగిపోయారు.

కింద రెండు బళ్లున్నాయి. ఒకటి అంత్యక్రియలు జరిపించేవాళ్లు తెచ్చిన పొడవాటి నల్ల కారు. రెండోది పాత స్టెర్లింగ్ లారీ. సైకిలుకు ఉన్నట్టు గొలుసులతో వెనక చక్రాలు తిరిగే రకం. ఆ చుట్టుపక్కల కొండల్లో అలాంటిది ఇంకొకటి మిగల్లేదు. డ్వేన్ తండ్రి ఓర్విల్ నీమి తన పనికాలమంతా దాని మీదే అడవి దుంగలు దింపాడు. చివరి ప్రయాణమూ దాని మీదే అని స్నేహితుడు హోబ్‌తో ఎన్నోసార్లు అన్నాడు. ఆ మాట పట్టుకునే హోబ్ వారమంతా షెడ్డులో కూర్చుని, తుప్పు పట్టిన ఇంజన్‌కి ప్రాణం పోసి తెచ్చాడు.

"నాన్న కోరిక నాకు తెలీదా బాబాయ్?" అన్నాడు డ్వేన్. "స్మశానం కొండ మీదుంది. ఆ ఎత్తు మీద ఈ బండిని లాగగలిగినవాడు ఒక్కడే. ఆయన ఆ పెట్టెలో ఉన్నాడు."

"మరి నేనో? నేనేమన్నా ఇన్నాళ్లూ గుర్రపు బండి తోలుకుని బతికానా?" అన్నాడు హోబ్. ముందు ఖాళీ బండిని మలుపు దాకా ఎక్కించి చూపిస్తానని, అప్పుడు కూడా వద్దంటే తానే నల్ల కారు తలుపు తీస్తానని చెప్పి లారీ ఎక్కాడు. పెట్టెను వసారాలో బల్ల మీద దించారు.

పాత డ్రైవర్లంతా చూరు కిందికి చేరారు. ఇంజన్ మోత వినేసరికి వాళ్ల మొహాలు మారిపోయాయి. ఒకాయన తన డైమండ్ టీ లారీ గురించి చెప్పాడు, దాని మీద మంచులో కనుమ దాటిన రాత్రి గురించి. ఇంకొకాయన తన ఆటోకార్ లారీ ఇప్పుడు ముళ్లపొదల్లో మునిగిపోయి ఉందని, దాని బానెట్‌లోంచి చెట్టు మొలిచిందని చెప్పాడు. పోయిన చుట్టాల పేర్లు తలుచుకున్నట్టు ఒక్కో బండి పేరూ నెమ్మదిగా పలికారు.

ఇంతలో మలుపు దగ్గర గేర్లు గీరుకున్న చప్పుడు వినిపించింది. ఆ బండికి గేరు కర్రలు రెండు. ఎత్తు మీద రెంటినీ ఒకేసారి మార్చాలి. ఒకటి పడింది, రెండోది పడలేదు. లారీ ఒక్క క్షణం ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. రోడ్డు మీదున్నవాళ్లు చెల్లాచెదురయ్యారు. హోబ్ ఎలాగో దాన్ని పక్కనున్న మట్టిగట్టుకు ఆనించి ఆపాడు.

దిగి వచ్చి టోపీ తీశాడు. "నా వల్ల కాలేదురా. నేనీ కొండకొచ్చేసరికే ఇది మీ నాన్న చేతిలో పిల్లిలా ఉండేది" అన్నాడు.

డ్వేన్ నల్ల కారు డ్రైవరుకు సైగ చేశాడు.

"ఆగరా" అంది అతని తల్లి ఐలీ. ఉదయం నుంచీ ఆమె మాట్లాడిన మొదటి మాట అది. చేతిసంచీ కోడలికిచ్చింది. నల్ల చేతితొడుగులు తీసి అందులోనే పెట్టింది. గట్టు దాకా నడిచి వెళ్లి లారీ మెట్టు మీద కాలు పెట్టింది.

"అమ్మా, నువ్వు కారు కూడా నడపవు కదా. దిగు" అంటూ డ్వేన్ పరుగెత్తాడు. ఆమె అప్పటికే తలుపు వేసుకుంది.

లారీ గట్టును వదిలి మలుపెక్కింది. మలుపు అవతల కనపడకుండా పోయింది. కాసేపటికి అదే లారీ రివర్సులో, ఎక్కడా వంకర పోకుండా వచ్చి, చర్చి మెట్ల ముందు ఆగింది. ఐలీ కిటికీలోంచి తల బయటపెట్టి, పెట్టె ఎక్కించమని చెప్పింది.

ఎక్కించారు. డ్వేన్ తల్లి పక్కన కూర్చున్నాడు. పాస్టరు, జనం తడుస్తూ వెనక నడిచారు.

బాగా నిటారుగా ఉన్నచోట ఐలీ ఎడమచేతిని స్టీరింగ్ చక్రం లోపలినుంచి దూర్చి ఒక గేరు కర్రను, కుడిచేత్తో రెండోదాన్ని పట్టుకుంది. రెండూ ఒకేసారి కదిలాయి. చప్పుడు కూడా రాలేదు. స్టీరింగ్‌ను మోచేతి వంపుతోనే అదుపులో పెట్టింది. చిన్నప్పుడు ఇదే సీటులో కూర్చుని తండ్రి ఇలా చేయడం డ్వేన్ ఎన్నోసార్లు చూశాడు. అదే వంపు, అదే ఒడుపు. అతను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

కొండ మీద, తవ్విన గోతికి కాస్త దూరంలో ఆమె బండి ఆపింది. ఇంజన్ ఆగాక పైకప్పు మీద వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

"నాన్న నీకు ఇదంతా ఎప్పుడు నేర్పాడమ్మా?" అన్నాడు డ్వేన్.

ఐలీ చేతులు ఇంకా స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"ఆయన నాకు నేర్పడమేంట్రా? మగాళ్లంతా యుద్ధానికి పోయినప్పుడు ఈ కొండ మీంచి దుంగలు దింపింది నేను. తిరిగొచ్చాక మీ నాన్న చేతుల్లో కాఫీ కప్పు నిలిచేది కాదు, అంత వణుకు. గట్టిగా పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలని, నేనే నేర్పి, నా లారీ ఆయనకిచ్చేశాను."