ఆగిపోయిన కాగితం

“ఈ నల్లది పొరపాటున ఎర్రదాంట్లో పడితే మిషను పేలిపోతుందేమోనే!” సిరా సీసా పట్టుకున్న తల్లి చేతులు వణికాయి.

“ప్రింటరమ్మా అది, బాంబు కాదు. నల్లది నల్లదాంట్లో పోస్తే చాలు,” వంటగదిలోంచి కూతురు నవ్వింది.

తల్లి ఊపిరి బిగబట్టి పోసింది. మూత బిగించి మీట నొక్కింది. ప్రింటరు ఒళ్లు విరుచుకున్నట్టు కిర్రుమని, అడక్కుండానే కాగితం లాక్కుంది.

“అయ్యో, నేనేం కొట్టలేదే! అదే కొట్టేస్తోంది!”

వంటగదిలో గిన్నె జారిపడింది. కూతురు పరుగున వచ్చింది. “చదవకమ్మా! నిన్న సిరా అయిపోయి మధ్యలో ఆగిపోయిందది. తీసేశాననుకున్నా.”

అప్పటికే తల్లి వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతోంది. కూతురి పేరు. ఆసుపత్రి పేరు. రేపటి తేదీ. రొమ్ములో గడ్డ నుంచి ముక్క తీసి పరీక్ష.

“ఒక్కదానివే వెళ్లొద్దామనుకున్నావా?”

“తుమ్మితేనే నిమోనియా అంటావు. నీకెలా చెప్పను? నిన్ను ఓదార్చే ఓపిక నాకు లేదమ్మా.”

తల్లి కూలబడుతుందేమోనని కూతురు చేతులు చాచింది. తల్లి మాత్రం తడి ఆరని అక్షరాలు అలుక్కుపోకుండా కాగితాన్ని అంచులు పట్టుకుని బల్ల మీద పరిచింది. ఇందాకటి వణుకు ఆ వేళ్లలో లేదు.

“నన్నెవరూ ఓదార్చక్కర్లేదు. ఎన్నింటికో చెప్పు, నేనొస్తా.”

ప్రింటరు చప్పుడు ఆగి, దాని దీపం కూడా ఆరిపోయింది. తల్లి అక్కణ్నుంచి కదల్లేదు.

కూతురు కుర్చీ లాక్కుని తల్లి పక్కన కూర్చుంది.

“తొమ్మిదికమ్మా. ఎనిమిదికల్లా బయల్దేరదాం.”