మంచుకొండ మీద జ్వరం

మంగళవారం పొద్దున్న ఆరున్నరకి చలపతికి జ్వరం వచ్చింది. గంటసేపు ఆలోచించుకుని మరీ వచ్చింది.

కడుపునొప్పి అంటే ఏం తిన్నావని అడుగుతారు. నడుంనొప్పి అంటే ఇంట్లో కూర్చునే పని చెయ్యమంటారు. అన్నిట్లోకీ జ్వరమే మర్యాదైన రోగమని తేల్చుకుని, మేనేజరు మార్కుస్‌కి మెయిల్లో 'నూట రెండు డిగ్రీలు' అని కొట్టాడు. పంపబోతుంటే ఈ జర్మన్ల దేశంలో సెల్సియస్ అని గుర్తొచ్చి ఆగిపోయాడు. నూట రెండంటే మనిషి మరిగిపోతాడు. ముప్ఫై తొమ్మిదని దిద్ది పంపేశాడు.

పంపింది ఇంటి నుంచి కాదు. బ్లాక్ ఫారెస్ట్‌లో కొండమీద అద్దెకి తీసుకున్న చెక్క ఇంటి నుంచి.

చలపతి బ్రెమెన్‌లో ఐదేళ్ళు పనిచేసి, రాష్ట్రం దాటి వాల్డార్ఫ్‌లో కొత్త కంపెనీకి మారి నాలుగు నెలలైంది. ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. ఈలోగా అబద్ధం బయటపడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు గతేమిటో తలుచుకుంటే నిజంగానే ఒళ్ళు వెచ్చబడుతోంది.

లెక్కప్రకారం సోమవారం సాయంత్రమే తిరిగి వెళ్ళిపోవాలి. ఆ సోమవారం సెలవు అడిగినప్పుడు మార్కుస్ ఎంతో సంతోషంగా, "నాలుగు రోజులు హాయిగా గడిపి రా" అన్నాడు. శని, ఆది, సోమ. మూడేగా! మేనేజర్లకి వేళ్ళమీద లెక్క కూడా రాదని చలపతి ఇంటికొచ్చి భార్య రాజ్యశ్రీకి చెప్పుకుని నవ్వాడు.

మూడు రోజులూ ఒక్క రేకు మంచు పడలేదు. సోమవారం సరిగ్గా కార్లో పెట్టెలు సర్దుతుంటే మొదలైంది. ఐదేళ్ళ ఈషా కారు తలుపుకి అతుక్కుపోయి, "నోఖ్ ఐన్ టాగ్, పపా! ఇంకొక్క రోజు!" అని రెండు భాషల్లో ఏడ్చింది. ప్రొబేషన్లో ఇంకో రోజు అడగడానికి చలపతికి మొహం చెల్లలేదు. అదీ జ్వరం కథ.

బ్రెమెన్ నుంచి వచ్చిన స్నేహితుడు రాకేష్‌కి ఈ బాధలేం లేవు. వారమంతా సెలవు పెట్టుకుని, పెళ్ళాన్నీ నాలుగేళ్ళ కొడుకునీ తీసుకుని దర్జాగా వచ్చాడు. పొద్దున్నే బ్రెడ్డు కోసం వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"షాపులన్ని బంద్ ఉన్నయి అన్నా."

"ఇంత మంచులో ఎవడు తెరుస్తాడ్రా?" అన్నాడు చలపతి, అన్నీ తెలిసినవాడిలా. అందరూ ఉప్మా తిన్నారు.

కొండ దగ్గరికి వెళ్తే ఇసుక వేస్తే రాలనంత జనం. "మంగళవారం పూట వీళ్ళెవరికీ పనీపాటా లేదా!" అని విసుక్కున్నాడు, ఆఫీసు ఎగ్గొట్టి వచ్చిన పెద్దమనిషి.

మంకీ క్యాప్, నల్ల కళ్ళజోడు, దానిమీద రాజ్యశ్రీ శాలువా. రాకేష్ ఫొటో తియ్యడానికి ఫోన్ ఎత్తినప్పుడల్లా వీపు తిప్పేశాడు.

"గింత భయమేందే అన్నా? నిన్నెవరు గుర్తుపడ్తరు?"

"ఆఫీసువాళ్ళ సంగతి సరేనండీ, కన్నకూతురే గుర్తుపట్టట్లేదు మిమ్మల్ని," అంది రాజ్యశ్రీ.

చలపతి ఈషాని పక్కకి పిలిచాడు. "ఎవరైనా అడిగితే నాన్నకి జ్వరమని చెప్పు తల్లీ. సాయంత్రానికి తగ్గిపోతుందిలే." పసిపిల్లకి అబద్ధం నేర్పుతున్నందుకు సిగ్గేసింది. స్లెడ్జి ఎక్కి ఒకసారి జారేసరికి మర్చిపోయాడు.

మూడోసారి జారుతుండగా కింద ఎర్ర టోపీ కనిపించింది. టోపీ కింద మార్కుస్. పక్కన ఆయన పిల్లలిద్దరు.

స్లెడ్జికి బ్రేకులుండవు. చలపతి పక్కకి దూకి మంచుకుప్పలో పడ్డాడు. ఈషానీ రాకేష్ కొడుకునీ కేకేసి, "కొత్త ఆట! నన్ను పాతిపెట్టండి, తొందరగా!" అన్నాడు. జన్మలో ఇంత మంచి ఆట ఆడని పిల్లలు రెండు నిమిషాల్లో ముక్కు మాత్రం వదిలి పాతేశారు.

ఆఫీసు క్రిస్మస్ పార్టీలో ఈషాని చూసిన మార్కుస్ గుర్తుపట్టి పలకరించాడు. "నువ్విక్కడున్నావా! మీ నాన్నేడీ?"

ఈషా చక్కటి జర్మన్‌లో చెప్పింది. "నాన్నకి జ్వరం. సాయంత్రానికి తగ్గిపోతుందట. అదిగో, అక్కడ పాతిపెట్టాం."

మార్కుస్ కంగారుగా పరిగెత్తుకొచ్చి చేతులతో మంచు తవ్వాడు. ముందు మంకీ క్యాప్ బయటపడింది, తర్వాత మీసం, ఆ తర్వాత చలపతి మొత్తం.

"సార్," అన్నాడు చలపతి. సార్ అనొద్దని మార్కుస్ ఇప్పటికి పదిసార్లు చెప్పాడు. "నాకు జ్వరం లేదు సార్. మెయిల్లో రాసిందంతా అబద్ధం. పిల్ల ఏడ్చింది సార్. పొద్దుట్నుంచి నరకం చూస్తున్నాను. ఉద్యోగం మాత్రం తీసెయ్యకండి." చెప్తుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

మార్కుస్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మెయిలా? ఏ మెయిలన్నట్టు చూస్తున్నాడు.

అప్పుడు చలపతి బుర్రలో దీపం వెలిగింది. మంగళవారం. ఆఫీసు టైము. మరి ఈయనిక్కడ ఏం చేస్తున్నట్టు? కళ్ళు తుడుచుకుని, లేచి కూర్చుని, గొంతు తగ్గించి కన్ను కొట్టాడు.

"మీరూ ఎగ్గొట్టే వచ్చారుగా సార్? మీరు నన్ను చూళ్ళేదు, నేను మిమ్మల్ని చూళ్ళేదు. ఇద్దరం క్షేమం."

వెనక రాజ్యశ్రీ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

మార్కుస్ అతని భుజం మీది మంచు మెల్లిగా దులిపాడు. "చలపతీ, మీ బ్రెమెన్‌లో ఇవాళ పనిరోజేమో గానీ, మన రాష్ట్రమంతటా పండగ సెలవు, ఆఫీసుకి తాళం వేసి ఉంది."