ఎలా ఉన్నారు, లుసుంగుగారు?

“ఈసారి లుసుంగుగారిని కళ్లారా చూసే వెళ్తానమ్మా,” అంటూ నర్సు మ్వావి గుమ్మంలో కూర్చుంది.

తియామికే కర్రపెండలం తొక్క తీస్తూనే ఉంది. “మా ఆయన చేపలకెళ్ళాడు, సరస్సు మీదికి.”

“ఫోన్ చేసినప్పుడల్లా అదే చెబుతారు. పడవేమో వాకిట్లోనే బోర్లించి ఉంది.”

తియామికే చేతిలో కత్తి ఆగింది. “పోయాడు తల్లీ. ఏడాది దాటింది.”

మ్వావికి కోపం వచ్చింది. లుసుంగులా కేన్సరుకి కొత్త మందు వాడినవాళ్ళు ఎన్నాళ్ళు బతికారో కనుక్కుని లెక్కకి అందించడమే ఆమె ఉద్యోగం. “మరి బాగున్నారని ఎందుకు చెప్పారు?”

“‘లుసుంగుగారు ఎలా ఉన్నారు?’ అని అడిగేది నువ్వొక్కదానివే. నీ ఫోనొస్తే ఆ కాసేపూ ఇంట్లో మనిషున్నట్టే ఉండేది.”

మ్వావి కోపం చల్లారింది. అయినా చెప్పక తప్పలేదు. “ఆయన బతికున్నారని మేం రాసుకుంటే, మందు ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. రేపు ఇంకో ఇల్లాలు దాన్నే నమ్ముకుని తన మొగుడికి ఇప్పిస్తుంది.”

తియామికే చేతిలోని దుంపని గిన్నెలో వేసింది.

“ఆ ఇల్లాలికి అబద్ధం చెప్పలేను. పోయినేడు ఈస్టరు మర్నాడు, పొద్దున్నే. నా చేతుల్లోనే పోయాడు.”

మ్వావి రాసుకుంది.

“ఇంక ఫోన్ చెయ్యవుగా?”

చెయ్యడానికి లేదు. ఆ మాట అనలేక మ్వావి పుస్తకం సంచిలో పెట్టేసింది. “ఇన్నాళ్ళూ ఎలా ఉన్నారనే అడిగాను. ఎలాంటి మనిషో ఎప్పుడూ అడగలేదు. చెప్పండమ్మా.”

తియామికే కత్తి పక్కన పెట్టింది.

“ఈత రాదు తల్లీ,” అంది. “బతుకంతా చేపలే పట్టాడు, ఈత మాత్రం రాదు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు.”