చీలమండలోతు వాగు

"అమ్మా, ఆగు! ఇందాకటిదాకా తేటగా పారిన వాగు ఇలా ఎర్రబడిందేంటి?" అంది మెరిల్.

నీళ్ళలో కొట్టుకొస్తున్న పుల్లలు తల్లి వెల్డా కాళ్ళకు తగులుతున్నాయి. ఆ యూటా ఎడారి లోయలో, రెండు నిలువు గోడల మధ్య సన్నగా కనిపిస్తున్న ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

"ఎగువన ఎక్కడో వాన దంచి కొట్టింది, వరదొస్తోంది. బ్యాగు పారేసి ఆ పైబండ మీదికెక్కు."

"నువ్వు ముందెక్కు."

"వాదించకే తల్లీ! వెనకే వస్తాగా."

మెరిల్ పగుళ్ళు పట్టుకుని, గోళ్ళు చీరుకుపోతున్నా పాకింది. పైకి చేరి చెయ్యి చాచింది. తల్లి అందుకోలేదు. వాచిపోయిన మోకాలు పట్టుకుని నీళ్ళలోనే నిలబడింది.

మలుపు అవతల కొండ విరిగిపడుతున్నట్టు చప్పుడు.

"ఎక్కలేనని ముందే చెప్పొచ్చుగా!" అని అరిచింది మెరిల్.

"చెబితే నువ్వెక్కేదానివా?" అంది తల్లి.