పదికి తొమ్మిది

"పదిసార్లు మారుస్తాను. ఏది మోగుతోందో కనీసం ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పలేకపోతే దీన్ని మళ్ళీ వ్యానెక్కించుకుపోతాను సార్. దీనికోసం ఇంకొకాయన రోజూ ఫోన్ చేసి ప్రాణం తోడేస్తున్నాడు" అన్నాడు షాపాయన, తాడుకు వేలాడదీసిన దుప్పటి వెనక్కి వెళ్ళబోతూ.

దుప్పటి వెనక రెండు ప్రీయాంప్లిఫయర్లున్నాయి. రికార్డు మీద సూది పట్టిన సన్నని ధ్వనిని సరిచేసి పెద్ద యాంప్లిఫయరుకు అందించే పెట్టెలవి. ఒకటోది ఇంట్లోని పాతది. రెండోది వాల్వులు వెలిగే కొత్తది. రెండింటి ధ్వనీ సమానంగా పెట్టారు.

"నావి పాముచెవులని స్నేహితులంతా అనేది ఊరికే కాదు" అంటూ ఇంటాయన కళ్ళకు తువ్వాలు కట్టుకున్నాడు. "కళ్ళు తెరిచి ఉంటే చెవి బద్ధకిస్తుంది."

"చెవుల సంగతి సరే, ముందా ముడి బిగించుకోండి. జారిపోతోంది" అంది భార్య.

పింగాణీ కార్ఖానాలో ఆమెకు పని. కప్పును గోటితో మీటి, కంటికి కనబడని పగులుంటే పక్కన పెట్టాలి. ఇంట్లోనూ ఆ వేలు ఊరుకోదు. షాపాయనకు టీ పోయబోతూ కప్పును మీటి, "ఇది వద్దులెండి, విచ్చింది" అని ఇంకోటి తెచ్చింది. తర్వాత కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంది.

ఇంటాయన నోరు మెదపకూడదు. ఒక వేలో రెండు వేళ్ళో చూపిస్తే ఆమె రాసుకోవాలి. అదీ ఒప్పందం.

పాట మొదలైంది. ఒక ఆడగొంతు, వెనక పియానో.

మొదటిసారి ధీమాగా రెండు వేళ్ళు చూపించాడు. రెండోసారి ఒకటి. మూడోసారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తేడా ఏది? చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టయింది. ఇన్నేళ్ళూ తను విన్నది ధ్వనినా, పెట్టె మీది పేరునా? భయం కన్నా ముందు వింతగా అనిపించింది. తనను తానే పక్కింటి కిటికీలోంచి తొంగిచూస్తున్నట్టుంది. ఐదో, ఆరో, ఏడోసార్లకు విసిగిపోయి వరసగా ఒకే వేలు చూపించాడు.

"అయింది" అంటూ ప్రతిసారీ ఆమె పెన్సిలు గీకింది.

షాపాయన బయటికొచ్చి తన చీటీని ఆమె కాగితం పక్కన పెట్టి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పదికి తొమ్మిది! నాలుగోదొక్కటే తప్పింది. గురువుగారూ, ఈ పెట్టె ఉండాల్సింది మీ ఇంట్లోనే."

వ్యాను వెళ్ళిపోయింది. ఇంటాయన కుర్చీలోంచి లేవలేదు.

"నీకొక్కదానికే చెబుతున్నాను, నవ్వకు. నాకు ఒక్కసారి కూడా తేడా తెలియలేదు."

"అలాగా."

"అయినా తొమ్మిది ఒప్పయ్యాయంటే, నా లోపల నాకు తెలియనివాడెవడో కూర్చుని వింటున్నాడన్నమాట. ఎవడై ఉంటాడంటావు?"

ఆమె కప్పులు సర్దసాగింది. ఆయన కుతూహలం కొద్దీ కాగితం అందుకున్నాడు. ఐదు, ఆరు, ఏడు ఎదురుగా రెండు, ఒకటి, రెండు అని ఉంది.

"ఇదేమిటి? ఇక్కడ మూడుసార్లూ ఒకటే చూపించాను కదా!"

"కొత్తదాంట్లో ఆ పాడేవిడ చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోందండీ. అలాంటిదాన్ని మీ వేళ్ళను నమ్ముకుని పంపించేస్తానా? నాకు వినబడిందే రాశాను."

ఆయన వేలు కాగితం మీద ఒక వరస పైకి జరిగింది.

"మరి నాలుగోది తప్పు రాశావేం?"

"అదొక్కటీ మీరు చూపించింది రాశాను."