తెరుచుకోని థర్మోస్టాట్

“నీళ్లు చూస్కోకుండ బండి తీసిన కాకా. నాయినను దవాఖానకు తీస్కపోతుంటే ధారూర్ కాడ ఇంజను వేడెక్కి ఆగిపాయె. నాయినను నేనే సంపుకున్న,” అంది రెబెక్క.

ఆనాటి నుంచి కదలని ఆ పాత కారులోంచి మెకానిక్ జంగప్ప థర్మోస్టాట్ విప్పి, చాయ్ గిన్నెలో మరుగుతున్న నీళ్లలో వేశాడు. వేడికి తెరుచుకోవాల్సింది తెరుచుకోలేదు.

“నీ తప్పు లేదు బిడ్డా. బండిల నీళ్లు నిండుగనే ఉన్నయి. గిది తెరుసుకోక రేడియేటర్‌కు పోలే.”

తండ్రి పోయాక రెబెక్క మొదటిసారి గట్టిగా ఏడ్చింది. చేతులు జోడించింది.

జంగప్ప ఆ చేతుల్ని కిందికి దించాడు.

“మొక్కకు బిడ్డా. క్రిస్మస్ ముంగట మీ నాయిన తొందర చేస్తే గిది కొత్తది బిగించింది నేనే. ఎవ్వరిదైనా గిట్ల నీళ్లల్ల ఏసి చూసినంకనే బిగిస్త. గా దినం చూడలే.”