రైతు పేరు

"కాకా, ఈ ఫారంల పాసుబుక్కు నంబరు రాయాలె," అంది సింధూజ, తిరుపతయ్య చేతికి ఫారం ఇస్తూ. వ్యవసాయ డిగ్రీలో ఆమెకిది ఆఖరి ఏడు. జూన్ నుంచి పన్నెండు వారాలు ఒక రైతు చేనులో పని నేర్చుకుంటేనే క్రెడిట్లు కలిసి డిగ్రీ చేతికొస్తుంది.

తిరుపతయ్య నవ్వాడు. "పాసుబుక్కు పట్నంల ఉంటది బిడ్డా. నా తాన మట్టి ఉంటది."

కొత్తకోట రోడ్డు పక్కనున్న ఆ నాలుగెకరాలను పదిహేనేళ్లుగా కౌలుకు చేస్తున్నాడు. కాగితం లేదు. పట్నంలో ఉండే ఆసామి ఈ ఏటి కౌలు తీసుకున్నాడంటే, వచ్చే ఏటికీ ఒప్పుకున్నట్టే.

"అయితే రైతు పేరు కాడ ఆసామి పేరే రాస్తరా?" భార్య హన్మమ్మ మూతి తిప్పింది. "చేన్ల కాలుపెట్టనోడు పిల్లకేం నేర్పుతడు?"

సింధూజ ఆసామికి ఫోను చేసి, స్పీకరు పెట్టి, సంగతంతా చెప్పింది.

"జూన్‌లనా?" అవతలి గొంతు మెత్తగా పలికింది. "అప్పటికి చేనెక్కడిదమ్మా? అమ్మేసిన. ప్లాట్లు చేస్తున్నరు. వేరే రైతును చూసుకో."

ఫోను పెట్టేశాడు. హన్మమ్మ మొగుడి మొహంలోకి చూసింది.

"నీకు చెప్పలేదా కాకా?" అడిగింది సింధూజ.

"నేనెప్పుడు అడిగిన బిడ్డా?" తిరుపతయ్య ఫారం ఆమె చేతికిచ్చాడు. "అడిగితే యాడ వద్దంటడోనని, పదిహేనేండ్లు నోరే తెరవలే."